ఎర్ర పెన్సిల్

(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగం)



రిటైరైనాక ఏం చేస్తున్నావని పొద్దున్నుంచి చాలామంది అడిగారు. కొంగల ఫోటోలు తీస్తున్నాను. నవ్వకండి. బుక్కపట్నం చెరువులో రాళ్లు విసిరి కొంగలను లేపినవాళ్లం మనం. ఆ అప్పు తీర్చుకుంటున్నాననుకోండి.

కెమెరా కొన్న కొత్తలో ఒక తెల్లకొంగ ఫోటో తీసి మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. 'సూపర్', 'అద్భుతం' అని వరసగా వచ్చాయి. పొంగిపోయాను. మరుసటి వారం తీసిన ఫోటో కూడా అచ్చం అలాగే వచ్చింది. దానికీ 'సూపర్' అన్నారు. ఆరు నెలలు గడిచినా నా ఫోటోలు ఒక్క అడుగు ముందుకు పోలేదు.

అప్పుడు ప్రింట్లు వేయించుకుని మన డ్రాయింగ్ సారు ఇంటికి పోయాను. సారు కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత పాత అలవాటు ప్రకారం ఎర్ర పెన్సిల్ తీశారు.

"ఏమప్పా, ఈ కొంగకు ఈకలు లేవా? గోడకు సున్నం కొట్టినట్టుంది. కాళ్లు యాడ పోయినాయి? నువ్వు కట్ట మీద నిలబడి తీసినావు కదా, దాన్ని కిందికి చూసినావు. దాని కంటికి నీ కన్ను ఎదురు పడలేదు."

నిజం చెప్తున్నా, మనసు చివుక్కుమంది. రెండు నెలలు ఆ వీధికే పోలేదు. కానీ ప్రతి మాటా నిజమే. చుట్టూ నల్లటి నీళ్లుంటే కెమెరా చీకటనుకుని వెలుగు పెంచేస్తుంది, తెల్ల ఈకలన్నీ కలిసిపోతాయి. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ తగ్గించి చూశాను, ఈక ఈకా విడివిడిగా కనబడింది. కట్ట దిగి, ఒడ్డున బురదలో బోర్లా పడుకున్నాను. పొడుగు ఎర్రకాళ్ల చిన్న పిట్ట, బ్లాక్ వింగ్డ్ స్టిల్ట్, దాని నీడతో సహా కెమెరా ఎదురుగా నిలబడింది. నీటిపక్షికి కాళ్లూ, నీడా కూడా బొమ్మలో భాగమేనని అరవై ఏళ్లకు తెలిసింది.

ఇక అసలు సంగతి. హిందూపురం దగ్గర, చిలమత్తూరు మండలంలో వీరాపురం ఉంది. ఏటా పెయింటెడ్ స్టార్కులు వచ్చి ఊళ్లోని చింతచెట్ల మీద గూళ్లు కట్టి, పిల్లల్ని లేపుతాయి. జనం సైబీరియా కొంగలంటారు గానీ, అవి మన దేశపు పక్షులే. ఊరివాళ్లు వాటిని శుభమని కాపాడుకుంటారు. అక్కడికి ఒక ఏప్రిల్‌లో పోయాను. రెక్కలు విప్పిన గుంపు, గులాబీ రంగు ఈకలు, వెనక నీలాకాశం! నా ఫోటోలన్నిట్లో అదే గొప్పదనుకుని సారు ముందు పెట్టాను.

సారు ఒకటే అడిగారు: "ఏంటికి లేచినాయి?"

నోరు పెగల్లేదు. చెట్టు దగ్గరికి పోయి నేనే చప్పట్లు కొట్టాను.

"గూళ్లలో పిల్లలుండినాయా?"

"ఉండినాయి సార్."

"ఎండ?"

సారు ఆ ఫోటోను బోర్లా తిప్పి పక్కన పెట్టారు. ఎర్ర పెన్సిల్ ముట్టుకోలేదు. ఎండ కాస్తుంటే తల్లో తండ్రో గూటి మీద నిలబడి, రెక్కలు విప్పి పిల్లలకు నీడపడుతుంది. అది లేచిపోతే పిల్లలు ఎండకు మాడతాయి, కాకులకూ గద్దలకూ దొరుకుతాయి. ఆ రోజు ఏ గూట్లో ఏం జరిగిందో నేను వెనక్కి తిరిగి చూడలేదు. గ్రూపులో ఆ ఫోటోకే అన్నిటికంటే ఎక్కువ చప్పట్లు వచ్చాయి.

అప్పటి నుంచి గూళ్ల జోలికి పోను. చెరువులో మేతకు దిగినప్పుడు దూరంగా కూర్చుంటాను. స్టార్కు ముక్కు సగం తెరిచి నీళ్లలో అటూ ఇటూ ఆడిస్తుంది. చేప ముక్కుకు తగిలితే పట్టేస్తుంది, కంటితో వెతకదు. ముక్కు నీళ్లలోనే ఉందంటే నన్ను చూసి అది బెదరలేదని అర్థం. మెడ సాచి నిక్కి చూసిందంటే నేను వెనక్కి జరగాల్సిందే.

పోయిన ఏడు అలా తీసిన ఒక ఫోటో చూపించాను. సారు చాలాసేపు చూసి, "పక్షి దాని పని అది చేసుకుంటా ఉంది" అన్నారు. నేను లోపల మురిసిపోతుంటే, "ముక్కు నీడ కింద తెగిపోయింది చూడు" అని గీత గీశారు.

సారు ఇప్పుడు ముందు వరసలోనే కూర్చున్నారు. సార్, నమస్కారం.

మిత్రులారా, మెచ్చుకోవద్దని నేననను. పిల్లలు బొమ్మో పద్యమో తెచ్చి చూపిస్తే ముందు బాగున్నదేదో చెప్పండి. తర్వాత సరిదిద్దుకోవాల్సింది ఒక్కటైనా చెప్పండి. చెప్పి, మళ్లీ తెమ్మనండి. ఆ 'మళ్లీ తీసుకురా' అన్నమాట కోసమే నేను ఇప్పటికీ ఆ వీధికి పోతున్నాను.

బయట వరండాలో నా ఫోటోలు 12 పెట్టాను. పక్కన ఒక నోటుపుస్తకం, దారం కట్టిన ఎర్ర పెన్సిల్ ఉన్నాయి. భోజనాలకు పోయే ముందు ఒకసారి చూడండి. 'సూపర్' అని మాత్రం రాయకండి.

సెలవు.