నీటినుండి ఉదజని: ఉత్ప్రేరకముల వెల



1961లో ఉత్పత్తి ప్రారంభించిన పంజాబులోని నంగల్ ఎరువుల కర్మాగారము భాక్రా విద్యుత్తుతో నీటిని విడగొట్టి, ఆ ఉదజనితో అమోనియాను, దానినుండి ఎరువును తయారుచేసినది. నీరే పైరుకు బలమైనది. కాని ఆ పద్ధతికి విద్యుత్తు అపారముగా కావలెను. కాలక్రమమున దేశమందలి ఎరువుల పరిశ్రమ నాఫ్తాను, సహజవాయువును ఆశ్రయించినది. నేడు ఆ వాయువులో గణనీయమైన భాగము దిగుమతియే. దానినుండి ఉదజనిని తీయునపుడు బొగ్గుపులుసు వాయువు కూడ వెలువడును.

సౌరవిద్యుత్తు చౌకయగుటతో పాతమార్గము మరల తెరచుకొన్నది. సూర్యరశ్మి, గాలి మొదలగువాని విద్యుత్తుతో నీటినుండి తీసినదే హరిత ఉదజని. 2023 జనవరిలో కేంద్రప్రభుత్వము ఇందులకై 19,744 కోట్ల రూపాయల పథకమును ఆమోదించినది.

ఒక కిలో ఉదజనికి తొమ్మిది కిలోల నీరు చాలును. విద్యుత్తు మాత్రము శాస్త్రరీత్యా సుమారు 39 యూనిట్లు చాలవలసియుండగా, యంత్రములలో 50 యూనిట్లకు పైగా ఖర్చగుచున్నది. ఈ నష్టములో కొంత, నీరు విడిపోవుటకు మొరాయించుటవలన కలుగును. ఆ మొరాయింపును తగ్గించి, తాను ఖర్చుకాక నిలుచునదే ఉత్ప్రేరకము.

ఆమ్లగుణముగల పొరతో నడచు యంత్రములలో ఉదజని వెలువడు వైపున ప్లాటినమును, ఆమ్లజని వెలువడు వైపున ఇరిడియమును వాడుదురు. ప్రపంచమంతట గనులనుండి ఏటా లభించు ఇరిడియము పది టన్నులకు లోపే, అందధికభాగము దక్షిణాఫ్రికాది. క్షారద్రావణపు యంత్రములలో నికెలు చాలును. దానికి ఇనుము చేర్చినచో ఆమ్లజని మరింత సులభముగా వెలువడును. కందెనగా వాడబడు మాలిబ్డినము, గంధకముల సమ్మేళనము కూడ ఉదజనిని వెలువరించగలదని 2005లో డెన్మార్క్ శాస్త్రజ్ఞులు చూపిరి. పని చేయునవి దాని పలకల అంచులని 2007లో ప్రయోగము రుజువు చేసినది.

అయినను లోహపు ధర తగ్గినంతమాత్రమున ఉదజని చౌక కాదు. ప్రయోగశాలలో వంద గంటలు నిలిచినది కర్మాగారములో ఏండ్ల తరబడి నిలువవలెను. మబ్బు కమ్మి విద్యుత్తు తగ్గినను, మరల పెరిగినను అది కరగరాదు. నెలకొకసారి మార్చవలసిన చౌక లోహముకంటె పదేండ్లు మన్నిన ప్రియమైన లోహమే లాభము. కావున చురుకుతోబాటు మన్నికనుగూడ కొలిచిన పరిశోధనయే పరిశ్రమకు పనికివచ్చును.

2025 జనవరిలో విశాఖపట్టణము చెంత పూడిమడకలో హరిత ఉదజని కేంద్రమునకు శంకుస్థాపన జరిగినది. నంగల్‌లో నీరు పైరుకు చేసిన మేలు ఇకముందు రైతునకు అందుబాటు ధరలో చేరవలెనన్న, కంటికి కానరాని ఆ లోహపు పూత దీర్ఘకాలము మన్నవలెను.