నీలిరంగు లెక్క



ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీలో బయోకెమిస్ట్రీ వాళ్లు ఒక ప్రాక్టికల్ గుర్తు చేసుకోండి. సీరంలో భాస్వరం ఎంతుందో చూడాలి. ఆమ్లంలో అమ్మోనియం మాలిబ్డేట్ కలిపి, ఆపైన ఇంకో రియేజెంట్ వేస్తే కాసేపటికి గొట్టంలో నీలం తేలుతుంది. భాస్వరం ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కన. రికార్డులో ‘ఫిస్కె–సుబ్బరో పద్ధతి’ అని రాసి సంతకం పెట్టించుకున్నారు. ఆ ‘సుబ్బరో’ మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారేనని మీలో ఎంతమంది గమనించారో!

1895లో పుట్టిన ఆయన మెట్రిక్ మూడోసారికి గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టి ప్రొఫెసరు గారి కోపానికి గురై, ఎంబీబీఎస్ బదులు దానికన్నా చిన్న పట్టా ఎల్‌ఎంఎస్‌తో బయటపడ్డారు. అక్కడినుంచి బోస్టన్ వెళ్లి, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కె దగ్గర చేరి, 1925లో ఆ నీలిరంగు పత్రం అచ్చు వేయించారు. తర్వాతి దశాబ్దాల్లో ప్రపంచం నలుమూలలా పరిశోధకులు దాన్ని వేల సార్లు ఉదహరించారు.

తమాషా ఏమిటంటే, ఆయన చేసినవాటిలో అది పెద్ద పని కాదు. అదే పద్ధతి చేతబట్టి ఫిస్కెతో కలిసి 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని పట్టుకున్నారు. ఏటీపీని అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా కనుక్కున్నారు. ఇప్పుడు ఇంటర్ పిల్లవాడు కూడా ఏటీపీ అంటాడు, అయితే ఏటీపీ మీద వచ్చే ఎన్నో పత్రాల కింద 1929 నాటి ఆ పేర్లు కనిపించవు. కొలిచే పద్ధతిని వాడుకున్నవాడు దాని పేరు చెప్పక తప్పదు. కనుక్కున్న సత్యం పాఠ్యపుస్తకంలోకి ఎక్కాక ఎవరూ పేరు చెప్పరు. ‘నేచర్’ పత్రిక 2014లో అత్యధిక సైటేషన్లున్న వంద పత్రాల జాబితా వేస్తే, మొదటి స్థానం ప్రోటీన్ కొలిచే పద్ధతి చెప్పిన 1951 నాటి లౌరీ పత్రానిది. దానికి మూడు లక్షల పైచిలుకు సైటేషన్లు. డీఎన్‌ఏ నిర్మాణం చెప్పిన పత్రానికి ఆ వందలో చోటే దొరకలేదు.

ఇక మందుల కంపెనీ లెడర్లీ లేబొరేటరీస్‌కి వెళ్లాక మన సుబ్బారావు గారి పేరు ఇంకా వెనక్కి జరిగింది. 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిన పత్రం చూడండి. మొదటి పేరు సహోద్యోగి యాంజియర్‌ది, పరిశోధన నడిపించిన ఆయనది ఎక్కడో మధ్యలో. ఆ ఫోలిక్ ఆమ్లం కథ మొదలైంది బొంబాయి నూలు మిల్లుల్లో. గర్భిణులైన కార్మికుల రక్తహీనతను అక్కడ లూసీ విల్స్ పరిశీలించారు.  ఈ రోజు మన ఊళ్లలో గర్భిణులకు ఆరోగ్య కార్యకర్త ఇచ్చే ఐరన్ ఫోలిక్ మాత్ర వెనక, ఫైలేరియాకు మింగించే మాత్ర వెనక కూడా సుబ్బారావు గారి ప్రయోగశాల ఉంది. సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు ల్యుకేమియా పిల్లలకు ఇచ్చి 1948లో ఫలితాలు ప్రకటించిన అమినాప్టెరిన్ అక్కడినుంచి వెళ్లిందే. మందు వేసిన 16 మందిలో 10 మందికి తాత్కాలికంగానైనా గుణం కనిపించింది. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు గారు కన్నుమూశారు. మాత్ర మింగినవాళ్లు సైటేషన్ రాయరు కదా.

ఈ మాట ఇప్పుడెందుకంటే, మీలో కొందరు రేపు పీహెచ్‌డీలో చేరతారు. పత్రం అచ్చయితేనే పట్టా అన్న నియమాన్ని యూజీసీ 2022లో తీసేసినా, ఉద్యోగాల దగ్గర లెక్క పోలేదు. హెచ్-ఇండెక్స్ ఎంత, పత్రాలెన్ని అని అడుగుతూనే ఉంటారు. డబ్బు కడితే వారంలో అచ్చువేసే జర్నళ్లున్నాయి, నా పత్రం నువ్వు చెప్పు, నీది నేను చెబుతానని ఒప్పందాలున్నాయి. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ అనే మిరప బస్తా తూకం పెంచడానికి కాయ మీద నీళ్లు చల్లేవాళ్లుంటారు. కొనేవాడు మాత్రం చేయి లోపలికి పెట్టి కాయ విరిచి చూస్తాడు. మన నియామక కమిటీలు ఆ పాటి శ్రమ కూడా పడవని నా ఫిర్యాదు.

సైటేషన్లు వద్దని నేననను. ఎవరికీ పనికిరాని పత్రాన్ని మహత్తరమని చెప్పుకోవడమూ ఒక రకం మోసమే. సుబ్బారావు గారి నీలం నిలిచిందంటే అది ఏ మామూలు ప్రయోగశాలలోనైనా ఎవరి చేతిలోనైనా పనిచేస్తుంది కాబట్టి.

మన నల్లరేగడిలో మట్టి పరీక్షకూ ఆ నీలం కుటుంబమే పనికొస్తుంది, రియేజెంట్ మారుతుందంతే. పత్తికీ మిరపకీ ఏటా వేసే డీఏపీ ఎరువులో చాలా భాస్వరం నేలలోని సున్నంతో కలిసి మొక్కకు అందకుండా ఉండిపోతుంది. భాస్వరాన్ని కొలవడం మనకు వందేళ్ల కిందటే వచ్చింది. నేలలో చిక్కుకున్న దాన్ని విడిపించే బ్యాక్టీరియా పొట్లాలు బజార్లో ఉన్నా, ప్రతి చేలోనూ ఒకేలా పనిచెయ్యడం లేదు. లాం వ్యవసాయ పరిశోధన కేంద్రం పక్కనే ఉంది, బాపట్ల వ్యవసాయ కాలేజీ దూరమేమీ కాదు. మీలో ఎవరైనా ఆ పని పట్టుకుంటే పత్రం ఏ జర్నల్లో వచ్చిందో నాకు రాయనక్కర్లేదు. చిలకలూరిపేటలోనో పర్చూరులోనో ఒక రైతు ఎకరానికి ఒక డీఏపీ బస్తా తగ్గించి కూడా అంతే పంట తీసిన ఏడాది మాత్రం నాకు కబురు చెయ్యండి.