కాలేయానికి ఒక చిన్న తట్టు
ఆరోగ్యమైన కాలేయం మెత్తగా ఉంటుంది. మద్యం, హెపటైటిస్, కొవ్వు ఏళ్ల తరబడి దాన్ని గాయపరిస్తే మచ్చలు కట్టి గట్టిపడుతుంది. నొప్పి తెలియదు, అదే అసలు ప్రమాదం. ఈ గట్టిదనాన్ని ఫైబ్రోస్కాన్ అనే పరీక్ష కొలుస్తుంది.

వెల్లకిలా పడుకుని కుడిచెయ్యి తల వెనక్కి పెట్టుకుంటే, పక్కటెముకల మధ్య జెల్ రాసి చిన్న పరికరం ఆనిస్తారు. వేలితో తట్టినట్టు ఒక్క అదురు. అది లోపలికి ఎంత వేగంగా పాకిందో అల్ట్రాసౌండ్ పసిగడుతుంది. కాలేయం గట్టిపడేకొద్దీ ఆ వేగం పెరుగుతుంది. పదిసార్లు కొలిచి, మధ్య విలువను కిలోపాస్కల్స్‌లో చెబుతారు. మామూలుగా 5 చుట్టూ ఉంటుంది. 15 దాటితే, మచ్చలు బాగా ముదిరిన దశ అయిన సిరోసిస్‌ను గట్టిగా అనుమానించాలి. సూది లేదు, కోత లేదు.

తిన్న వెంటనే కొలిస్తే అంకె పెరుగుతుంది. అందుకే పరీక్షకు ముందు కనీసం 3 గంటలు ఏమీ తినకుండా వెళ్లండి.