రాత్రివేళ రేవుకు చేరే పడవ: దీపం ఎంతవరకు తోడు?



చీకట్లో నడిచే మనిషికి దీపం కావాలి. ఇందులో ఎవరికీ సందేహం లేదు. మరి చీకట్లో రేవుకు చేరే పడవకు దీపం కావాలా అని అడిగితే, "అదేం ప్రశ్నండీ, కావాలి కదా!" అంటారు మీరు. చాలాకాలం నేనూ అలాగే అనుకున్నాను. కానీ దీపం అంటే ఏ దీపం? ఎక్కడ పెట్టిన దీపం? ఎవరి కళ్లలో పడే దీపం? ఈ మూడు ప్రశ్నలకు జవాబు తెలియకపోతే, అదే దీపం మనల్ని గుడ్డివాళ్లను చేస్తుంది. ఈ పూట మీతో మాట్లాడదలచుకున్నది ఈ సంగతే.

మాది యానాం. గౌతమి ఒడ్డునే పుట్టి పెరిగాను. 2002లో ఎదుర్లంక వారధి వచ్చే ముందు అవతలి ఒడ్డుకు పోవాలంటే రేవు దాటవలసిందే. మా నాన్నగారు లాంచీ సరంగు. చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చుని ఎన్నో రాత్రులు ఏరు దాటాను. లాంచీలో ఒక లాంతరు ఉండేది. ఆయన దానికి ఒక పక్క రేకు కట్టేవారు, వెలుగు తన కంట్లో పడకుండా. ప్రయాణికులు "ఇదేమిటయ్యా, దీపం ఉండీ చీకటేనా?" అని విసుక్కునేవారు. ఆయన నవ్వి ఊరుకునేవారు. వెలుగు అసలు ఉండవలసిన చోట ఉండేది: రేవులో, గుంజకు వేలాడదీసిన మరో లాంతరు. ఆ లాంతరును చూసుకుంటూ లాంచీని తెచ్చి రేవుకు ఆనించేవారు. ఎందుకలా అని నేను అప్పట్లో అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

కొన్నేళ్ల క్రితం మా మేనల్లుడు ఒక విహార పడవ కొన్నాడు. ఎనిమిది మంది కూర్చునే ఫైబరు పడవ, వెనక మోటారు. చూడముచ్చటగా ఉంది. పడవతోపాటు ఒక ఎల్.ఇ.డి. దీపాల పట్టీ కూడా తెచ్చి పైకప్పు ముందుభాగాన బిగించాడు. కార్ల మీద, జీపుల మీద కుర్రాళ్లు పెట్టుకునే రకం. "మావయ్యా, స్విచ్చి వేస్తే పగల్లా ఉంటాది చూడు" అన్నాడు. నేను మెచ్చుకున్నాను. వద్దని చెప్పవలసిన చోట మెచ్చుకున్నాను. అది నా తప్పు.

కార్తీకం ఆఖరి సోమవారం. అమావాస్య దగ్గర పడింది. ఏట్లో దీపాలు వదలడం చూడాలని ఒక కుటుంబం పడవెక్కింది. నేనూ ఉన్నాను. కిందికి, మడ అడవుల దిక్కుగా వెళ్లి తిరిగి వచ్చేసరికి బాగా చీకటి పడింది. పోటు నీరు గట్టిగా ఎక్కుతోంది, అంటే ప్రవాహం మా వెనక నుంచి పడవను నెడుతోంది. నీటి మీద సన్నటి మంచు తెర. రేవు దగ్గరపడగానే మావాడు ఆ దీపాల పట్టీ వేశాడు.

ఏమైందో చెబుతాను. మొదట ఆ మంచు తెర తెల్లటి గోడలా లేచింది. పడవ ముందున్న స్టీలు కమ్మీ ధగధగ మెరిసింది. కమ్మీకి అవతల రేవు మెట్ల అంచు ఒక్కటి తెల్లగా కనిపించింది. దాని చుట్టూ అంతా కాటుక. రేవులో మోకు అందుకోవడానికి నిలబడ్డ మనిషి చేత్తో కళ్లు మూసుకున్నాడు. వెలుగు పడింది కదా, ఊరు వచ్చేసింది కదా అని పడవలోవాళ్లంతా లేచి ఒకే పక్కకు వచ్చారు. పడవ ఆ పక్కకు ఒరిగింది. మెట్టు కనిపిస్తోంది కదా అన్న ధీమాతో మావాడు పడవను తిన్నగా పోనిచ్చాడు. వెనక నుంచి పోటు నీరు తోస్తోందన్న సంగతి ఆ క్షణంలో మరిచిపోయాడు. పడవ వెనకభాగం గిర్రున తిరిగి రేవును కొట్టబోయింది. కలాసీ కుర్రాడు పడవను ఆపుదామని చెయ్యి అడ్డం పెట్టాడు.

వాడి చెయ్యి పడవకూ రేవు గట్టుకూ మధ్య నలిగింది. రెండు వేళ్లు చితికిపోయాయి. ప్రాణానికి ఏమీ కాలేదు కాని, ఒక వేలు ఈనాటికీ మడత పడదు. మోకు లాగి బతికేవాడికి వేలు మడత పడకపోవడమంటే ఏమిటో నేను మీకు వేరే చెప్పనక్కరలేదు.

ఆ తరువాత చాలా రాత్రులు ఆలోచించాను. దీపం లేకపోయి ఉంటే మావాడు ఏం చేసేవాడు? భయపడేవాడు. వేగం తగ్గించేవాడు. రేవు దాటి ఎగువకు పోయి, పడవను తిప్పుకుని, ప్రవాహానికి ఎదురుగా నిదానంగా వచ్చి ఆనించేవాడు. పగలు ఎప్పుడూ చేసే పని అదే. అంటే ఆ దీపం వాడికి చూపు ఇవ్వలేదు, ధైర్యం మాత్రం ఇచ్చింది. చూపు లేని ధైర్యం నీటి మీద చాలా ప్రమాదం.

ఇందులో శాస్త్రం కూడా ఉంది. మన కంటి వెనుక పొరలో రెండు రకాల కణాలు ఉన్నాయి. శంకు కణాలు పగటి వెలుతురులో రంగులు చూపిస్తాయి. దండ కణాలు మసక వెలుతురులో పనిచేస్తాయి. ఈ దండ కణాలలో రోడాప్సిన్ అనే పదార్థం ఉంటుంది. దాని తయారీకి విటమిన్ ఎ కావాలి. అది లోపిస్తే రేచీకటి వస్తుందని మీరు వినే ఉంటారు. బాగా వెలుతురు పడితే ఈ పదార్థం కరిగిపోతుంది. మళ్లీ చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడాలంటే 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. అంటే ఒక్కసారి తెల్లటి దీపం వేసి ఆర్పితే, సరంగు అరగంటపాటు సగం చూపుతో పడవ నడుపుతున్నట్టు లెక్క. సన్నటి ఎర్రటి వెలుగు మాత్రం దండ కణాలను అంతగా బాధించదు. అందుకే ఓడలలో సరంగు గది దగ్గర ఎర్ర దీపాలు పెడతారు.

రెండో సంగతి, వెలుగు వెనక్కి కొట్టడం. మంచు, తుంపర, పురుగులు, పడవ ముందుభాగపు తెల్ల రంగు, కమ్మీలు — వీటన్నిటి మీదా పడ్డ వెలుగు తిరిగి మన కంటికే వస్తుంది. దీపం మన కంటికి ఎంత దగ్గరగా, ఎంత ఎత్తుగా ఉంటే అంత ఎక్కువ కొడుతుంది. పైకప్పు మీది దీపంతో వచ్చే చిక్కు ఇదే.

మూడో సంగతి, ఎదుటివాడి కళ్లు. మన దీపం మనకు ఉపకారం చేసినా చేయకపోయినా, అవతలి పడవవాడికి మాత్రం అపకారం చేస్తుంది. నాటు పడవలో వల వేసుకుంటున్న జాలరికి మన దీపం తప్ప ఇంకేమీ కనిపించదు.

సముద్రం మీద ఓడలు ఒకదాన్నొకటి ఢీకొనకుండా 1972లో అంతర్జాతీయ నిబంధనలు చేశారు. 1977లో అవి అమలులోకి వచ్చాయి. వాటి ప్రకారం సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా పడవకు నిర్ణీత దీపాలు ఉండాలి. ఎడమ పక్క ఎరుపు, కుడి పక్క ఆకుపచ్చ, వెనుక తెలుపు. "ఎడమ, ఎరుపు" రెండూ "ఎ"తోనే మొదలవుతాయని గుర్తుపెట్టుకోండి, మరిచిపోరు. పన్నెండు మీటర్లకన్నా చిన్న మోటారు పడవకు ఎరుపు, ఆకుపచ్చలతోపాటు అన్ని దిక్కులకూ కనిపించే ఒక తెల్లదీపం ఉన్నా సరిపోతుంది. ఈ దీపాలు మనం చూడటానికి కాదు, ఇతరులు మనల్ని చూడటానికి. అదే నిబంధనల్లో ఇంకో మాట కూడా ఉంది: ఈ దీపాలుగా పొరబడే దీపాలు గానీ, వీటిని మరుగుపరచే దీపాలు గానీ, చుట్టూ కనిపెట్టి చూడటానికి అడ్డువచ్చే దీపాలు గానీ వెలిగించకూడదు. మావాడు బిగించిన పట్టీ ఈ మూడు తప్పులూ ఒక్కసారే చేసింది.

అలాగని దీపమే వద్దని నేను అనడం లేదు. పనికివచ్చే దీపాలు ఉన్నాయి. వాటిలో మొదటిది రేవులో దీపం. అది పైనుంచి కిందికి, మెట్ల మీదికి మాత్రమే పడాలి. ఏటి వైపు కనపడకుండా దానికి రేకు మూత ఉండాలి. నాన్నగారి రేకు గుర్తుంది కదా! రెండోది అసలు దీపమే కాదు. రేవు గుంజలకు, గట్టు అంచులకు మెరిసే పట్టీలు అంటించడం. లారీల వెనుక ఎరుపు, తెలుపు పట్టీలు చూస్తారే, అవే. చిన్న టార్చి వెలుగు పడినా అవి మెరిసి, అంచు ఎక్కడుందో చెబుతాయి. ఖర్చు తక్కువ, ఉపకారం ఎక్కువ. మూడోది చేతి టార్చి. సరంగు చేతిలో కాదు, పడవ ముందున్న కలాసీ చేతిలో. గుంజ ఎక్కడ, మోకు వేసే కొక్కెం ఎక్కడ అని క్షణంసేపు చూపి ఆర్పాలి. మనిషి ముఖం మీదికి ఎప్పుడూ వేయకూడదు. పడవకే దీపం బిగించాలనుకుంటే ముందుభాగంలో, కమ్మీ కన్నా కిందగా, సరంగు కంటికి ఆ దీపం గానీ అది పడే పడవ భాగం గానీ కనిపించనట్టుగా బిగించండి. ఆఖరి నాలుగైదు పడవల దూరంలో మాత్రమే వేయండి.

ఇక దీపం కన్నా ముఖ్యమైనవి చెబుతాను. రేవుకు వచ్చే ముందు పడవ ఆపి నీరు ఎటు పోతోందో చూడండి. యానాంలాంటి చోట పోటుకు ఒక దిక్కు, పాటుకు ఒక దిక్కు. ఏ దిక్కయినా ప్రవాహానికి ఎదురుగా రేవును చేరండి. అప్పుడు నీరే మనకు బ్రేకు. రివర్సు గేరు పడుతోందో లేదో దూరంలోనే పరీక్షించండి. తగిలినా ఫరవాలేదనిపించే వేగంతోనే గట్టు దగ్గరకు రండి. పడవ పక్కన పాత టైర్లు కట్టుకోండి. పడవకూ గట్టుకూ మధ్య టైరు నలగాలి గాని మనిషి చెయ్యి నలగకూడదు. మోకు కట్టేవరకు ఎవరూ లేవకూడదని బయలుదేరేటప్పుడే చెప్పండి, చేరేటప్పుడు మళ్లీ చెప్పండి.

చిలిక సరస్సు ఒడ్డున రంభ, బర్కుల్ ప్రాంతాల్లోనూ, పులికాట్ ఒడ్డునా ఈ మాటలు వింటున్న మన తెలుగువారు ఉన్నారు. మీ నీళ్లు లోతు తక్కువ. వలకట్ల గుంజలు నీళ్లలో పాతి ఉంటాయి. చీకట్లో వాటి మీదికి పోకుండా పగలు తిరిగిన దారినే రాత్రి తిరగండి. దీపం ఉంది కదా అని కొత్త దారి వెతకకండి.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో విహార పడవ మునిగింది పట్టపగలు, వరద వేళ. వెలుతురు ఉన్నంత మాత్రాన ప్రాణానికి భరోసా లేదని ఆ రోజు మనందరికీ తెలిసింది. నీటిని చూసి నడవాలి. 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో లోతట్టు నౌకలకు కొత్త చట్టం వచ్చింది. పడవకు తనిఖీ, రిజిస్ట్రేషను, ప్రాణరక్షణ సామగ్రి — ఇవన్నీ అందులో ఉన్నాయి. కానీ రాత్రి ఏడు గంటలకు రేవు దగ్గర చట్టం నిలబడి ఉండదు. సరంగు ఉంటాడు, కలాసీ ఉంటాడు, నమ్మి ఎక్కిన పిల్లాపాపలు ఉంటారు.

మా మేనల్లుడు ఆ దీపాల పట్టీ విప్పేశాడు. రేవు గుంజలకు మెరిసే పట్టీలు తానే అంటించాడు. ఆ కుర్రాడు మావాడి పడవలోనే ఉన్నాడు. మోకు పని మాన్పించి చుక్కాని నేర్పుతున్నాం. మొన్న ఒక సాయంత్రం వాడే పడవను ఎగువకు పోనిచ్చి, తిప్పి, చిన్న శబ్దమైనా లేకుండా రేవుకు ఆనించాడు. "ఏరా, దీపం వెయ్యలేదే?" అని అడిగాను.

"రేవులో ఉంది కదండీ" అన్నాడు.

వీలైనంత వరకు పొద్దు ఉండగానే ఒడ్డుకు చేరండి. తప్పనిసరై చీకటి పడితే, కంటికి చీకటి అలవాటు కానివ్వండి. దీపం గట్టు మీద ఉంచండి. నిదానం పడవలో ఉంచండి.