వేసవి సెలవులు – మన సముద్ర తీరం

(రాయ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు సైనిక కుటుంబాల వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వక్తను కాను. ఇంటర్మీడియట్ పాసై 1988లో ఫిరంగి దళంలో చేరాను. గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో నేర్పిందే నా పెద్ద చదువు. సుబేదారుగా 2017లో ఇంటికి వచ్చాను. ఫిరంగి మోతల పక్కన పనిచేసినవాణ్ణి కాబట్టి గట్టిగా అరవడం వచ్చు గాని, తీరుగా మాట్లాడడం రాదు. "వేసవిలో పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్లాలో నాలుగు మాటలు చెప్పండి సాబ్" అని కార్యదర్శిగారు అడిగారు. తెలిసింది చెబుతాను. నాకు తెలిసింది ఒక్క సముద్రమే. అది కూడా సిక్కోలు పిల్లోడికి తెలిసినంతే.

రాయ్‌పూర్ ఎండ సంగతి మీకు చెప్పనక్కర్లేదు. మే 25 దగ్గర నౌతపా మొదలైతే తొమ్మిది రోజులు కాకి కూడా బయటికి రాదు. ఇక్కడివాళ్లు బోరే బాసీ తిని ఇంటిపట్టున ఉంటారు. మనవాళ్లు చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకుని ఇంటిపట్టున ఉంటారు. రెండూ ఒకటే. ఆ రోజుల్లో మన పిల్లల్ని సముద్రం గాలికి తీసుకెళ్లాలని ఎవరికి ఉండదు?

కాని ఫౌజీకి మే నెల సెలవు దొరకడం తేలిక కాదు. సంవత్సరానికి 60 రోజుల యాన్యువల్ లీవు, 30 రోజుల క్యాజువల్ లీవు ఉన్నాయంటే ఉన్నాయి. పిల్లల బడి సెలవులు మేలోనే, పెళ్లిళ్లూ మేలోనే. అందరూ మేలోనే కావాలంటే తోపుల దగ్గర ఎవరుంటారు? నా సర్వీసు మొత్తం లెక్కపెట్టి చూస్తే మే నెల సెలవు దొరికింది పదకొండు సార్లు. అందులో ఒకటి 1999. ఇంటికి చేరి ట్రంకు పెట్టె దించానో లేదో, కార్గిల్ మొదలైంది, వెనక్కి రమ్మని తంతి వచ్చింది. సముద్రం నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉండి కూడా చూడకుండానే బండెక్కాను. అందుకని సర్వింగ్ సోదరులకు నా మొదటి మాట: మేలో సెలవు దొరికితే ఇంటి సున్నాలకీ భూమి తగాదాలకీ మొత్తం ఖర్చు పెట్టేయకండి. మూడు రోజులు పిల్లలకి అట్టేపెట్టండి.

దారి

ఇక్కడినుంచి విశాఖపట్నం సుమారు 530 కిలోమీటర్లు. ఈ రాయ్‌పూర్–విజయనగరం లైను 1931లో పూర్తయింది. మధ్య పరగణాల మాంగనీసు ఖనిజాన్ని ఓడలకి ఎక్కించాలని వేసిన దారి అది. రేవు 1933లో తెరిచారు. ఖనిజం అటు వెళ్లింది, ఆ దారినే మన తాతలు ఇటు వచ్చారు. ఇక్కడి రైల్వే వాగన్ రిపేర్ షాపు కాలనీలో మన భాష వినబడుతోందంటే ఆ లైను పుణ్యమే. మా మామగారు కూడా అలా వచ్చినవారే. నేను ఫీల్డులో ఉన్నన్నాళ్లూ మా ఆవిడా పిల్లలూ ఆయన దగ్గరే ఉన్నారు. నేను రాయ్‌పూర్‌వాణ్ణి కావడానికి కారణం అదే.

2024 సెప్టెంబరు నుంచి దుర్గ్–విశాఖ వందే భారత్ నడుస్తోంది. పగటిపూట ప్రయాణం. మహాసముంద్, టిట్లాగఢ్ దాటి రాయగడ వైపు దిగేటప్పుడు పిల్లల్ని ఫోను పక్కన పెట్టి కిటికీలోంచి చూడమనండి. అక్కడ కనబడేది నాగావళి. కలహండి కొండల్లో పుట్టి, శ్రీకాకుళం పక్కనుంచి పోయి, కళ్లేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తుంది. మనం వెళ్లే చోటికే అదీ వెళుతోంది. శ్రీకాకుళం వైపు వెళ్లేవారు విశాఖ దాకా పోనక్కర్లేదు, విజయనగరంలో దిగి బండి మారితే చాలు.

విశాఖ, భీమిలి

విశాఖలో ఆర్కే బీచి అందరికీ తెలుసు. సాయంత్రం గాలి, మురీ మిక్చరు, కాల్చిన మొక్కజొన్న పొత్తు, ఇవి సరే. ఫౌజీ పిల్లలు చూడవలసింది ఆ రోడ్డు మీదే ఇంకొకటి ఉంది. అది కురుసుర జలాంతర్గామి. 1969లో నౌకాదళంలో చేరి 31 ఏళ్లు పనిచేసి, 2001లో విరమించి, 2002 నుంచి ఒడ్డున మ్యూజియంగా ఉంది. సుమారు 91 మీటర్ల పొడవు. లోపలికి వెళితే తల వంచి నడవాలి. నావికులు పడుకునే బల్లలు చూసి, మనం బంకర్లలో పడ్డది కష్టమే కాదనిపించింది నాకు. మాకు కనీసం బయటికొచ్చి ఆకాశం చూసే వీలుండేది. దానికెదురుగా 2017 నుంచి టియు-142 విమానం ఉంది. దగ్గర్లోనే 1971 యుద్ధ విజయ స్మారకం. ఆ డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఈ తీరం ముందే మునిగింది. నౌకాదళ సోదరులు ఈ సభలో ఉన్నారు. ఆ కథ వారు చెబితే బాగుంటుంది, నేను చెబితే తోపుల భాషలో ఉంటుంది.

మర్నాడు పొద్దున్నే బీచి రోడ్డు మీద భీమిలి. ఒక పక్క కొండ, ఒక పక్క నీళ్లు. దారిలో తొట్లకొండ మీద బౌద్ధుల ఆరామాల శిథిలాలు ఉన్నాయి, ఎండెక్కకముందే ఎక్కాలి. భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలుస్తుంది. పాత డచ్చివాళ్ల సమాధులున్నాయి. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు. హడావిడి లేకుండా కూర్చోవాలంటే నాకు ఆర్కే బీచి కంటే భీమిలే ఇష్టం. ఒక సంగతి గుర్తుంచుకోండి. వైశాఖ శుద్ధ తదియనాడు సింహాచలంలో చందనోత్సవం. స్వామి నిజరూప దర్శనం ఏడాదికి ఆ ఒక్కరోజే. దర్శనం కావాలనుకుంటే ముందే ఏర్పాటు చేసుకోండి. వద్దనుకుంటే ఆ రోజు ఆ వైపు వెళ్లకండి.

మా సిక్కోలు

శ్రీకాకుళం నుంచి కళింగపట్నం వెళితే వంశధార సముద్రంలో కలిసే చోటు, లైటుహౌసు. ఒకప్పుడు ఓడలు ఆగిన రేవు. ఆ పక్కనే వంశధార గట్టున శాలిహుండం కొండ, దాని మీద బౌద్ధ స్తూపాలు. కొండ మీదినుంచి నది చూస్తే ఎండ సంగతి మరిచిపోతాం. అరసవల్లి సూర్యదేవుణ్ణీ శ్రీకూర్మాన్నీ ఆ ఒక్క రోజులోనే చూసుకోవచ్చు.

అక్కడినుంచి ఉత్తరంగా మా ఉద్దానం. సోంపేట, కవిటి, మందస, వజ్రపుకొత్తూరు వైపు. ఉద్యానవనం అనే మాటే ఉద్దానం అయిందంటారు. కొబ్బరి, జీడిమామిడి, పనస. మేలో వస్తే పనసపళ్ల వాసన ఊరి బయటినుంచే తగులుతుంది. బారువ దగ్గర మహేంద్రతనయ సముద్రంలో కలుస్తుంది. వెనక్కి తిరిగితే మహేంద్రగిరి కొండలు. మధ్యాహ్నం తోటలో నులకమంచం, చోడి అంబలి, తాటి ముంజెలు. సాయంత్రం రేవు. ఇంతకంటే మంచి సెలవు నేను ఎక్కడా గడపలేదు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా నాన్నగారి తోటలో 70 కొబ్బరిచెట్లకి తొమ్మిది మిగిలాయి. వెళ్లి చూస్తే తోటలో నిలబడి సముద్రం వైపు ఆకాశమంతా కనబడింది. చిన్నప్పటినుంచి ఎన్నడూ అలా కనబడలేదు. మరుసటేడు నాన్న మళ్లీ మొక్కలు నాటారు. ఇప్పుడు కాపు పడుతోంది. మీరు వస్తే బొండానికి లోటు చేయం.

2010 మే

ఇప్పుడు అసలు మాట. ఇది చెప్పాలనే ఒప్పుకున్నాను.

2010 మేలో నేను హవల్దారుని. జమ్మూ వైపునుంచి సెలవు మీద వచ్చాను. మా అబ్బాయికి పన్నెండేళ్లు. రాయ్‌పూర్‌లో పెరిగినవాడు, సముద్రం రెండుసార్లే చూశాడు. మా బావమరిది కుటుంబం, మేము కలిసి సాయంత్రం నాలుగు గంటలకి మా ఊరి రేవుకి వెళ్లాం. పిల్లలు బంతి ఆడుతున్నారు. బంతి నీళ్లలో పడింది. రెండు పక్కలా కెరటాలు విరుగుతున్నాయి, మధ్యలో ఒకచోట నీళ్లు నిదానంగా ఉన్నాయి. వాడు తెలివిగా అక్కడే దిగాడు. నేను చూసేసరికి వాడి తల నలభై గజాల అవతల ఉంది.

నాకు ఈత వచ్చు. చెరువులో నేర్చుకున్న ఈత. బూట్లతోనే దూకాను. వాడి చొక్కా దొరికింది. కాని ఒడ్డు వైపు ఎంత కొట్టుకున్నా ఒడ్డు దగ్గరకి రాలేదు. పదిహేడు వేల అడుగుల ఎత్తున తోపు మోసినవాణ్ణి, నాలుగు నిమిషాల్లో చేతులు పడిపోయాయి.

ఒడ్డున పడవ నీడలో ఒక ముసలాయన వల బాగుచేసుకుంటున్నాడు. ఇద్దరు గుంటలతో తెప్ప లాగి, మా వైపు సూటిగా రాకుండా పక్కనుంచి తిప్పి తెచ్చాడు. ముందు పిల్లాణ్ణి తీశాడు, తర్వాత నన్ను జుట్టు పట్టి లాగాడు. ఒడ్డున పడుకుని నీళ్లు కక్కుతుంటే ఆయన అన్న మాట ఇది: "ఏటి బాబూ, తుపాకీ పట్టినోడివి, శత్రువు ఎక్కడున్నాడో సూసుకోకుండా దూకేస్తావేటి? కెరటం నేని కాడే దగా ఉంటాది."

ఆ మాటలో మొత్తం పాఠం ఉంది. కెరటాలు తెచ్చిన నీరంతా ఎక్కడో ఒకచోట తిరిగి లోపలికి పోవాలి. ఆ పోయే కాలువలో కెరటం విరగదు, నీరు నిదానంగా, ఒక్కోసారి బురదగా కనబడుతుంది. చూసినవాడికి అదే మంచి చోటనిపిస్తుంది. అందులో పడితే ఒడ్డుకి ఎదురీదకూడదు. ఒడ్డు వెంబడే పక్కకి ఈదాలి. ఆ లాగుడు సన్నంగా ఉంటుంది, దాటగానే వదిలేస్తుంది. ఈదలేకపోతే వెల్లకిలా తేలి, చెయ్యెత్తి కేకెయ్యాలి. ఇది నాకు నలభయ్యో ఏట తెలిసింది.

డబ్బు ఇవ్వబోతే ఆయన తీసుకోలేదు. "మీ మిలట్రీ కేంటీన్లో మంచి టార్చిలైటు దొరుకుద్దంట గదా, ఒకటి తెచ్చిపెట్టు బాబూ, రేతిరేళ పనికొస్తాది" అన్నాడు. సెలవు ముగిసి యూనిట్‌కి వెళ్లగానే కొన్నాను.

ఆ రాత్రి మా ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. "ఇంక సముద్రం పేరెత్తకండి" అని ఒక్క మాట అంది. ఆ తర్వాత రెండు సెలవులూ రాయ్‌పూర్‌లోనే గడిచాయి. టార్చి మూడేళ్లు బీరువాలో ఉండిపోయింది. బట్టలకోసం తలుపు తీసినప్పుడల్లా కనబడేది. మా అమ్మ ఫోనులో "పిల్లల్ని తేవా?" అని అడిగేది. ఏం చెప్పాలో తెలిసేది కాదు. చివరికి 2013లో మా ఆవిడే ఆ టార్చి తీసి నా పెట్టెలో పెట్టింది. "బాకీ ఉంచుకోకూడదు, పదండి" అంది.

ఆయన టార్చి వెలిగించి చూసి, "బేటరీలు ఏటి, రెండేనా?" అన్నాడు. అందరం నవ్వాం. ఆ నవ్వుతో మా ఆవిడ భయం సగం పోయింది. మా అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని, నీళ్లలో దిగేముందు ఒడ్డున కూర్చుని కెరటాలు ఎలా చూడాలో నాలుగు సాయంత్రాలు నేర్పాడు. ఆయన 2021లో పోయాడు. టార్చి వాళ్లింట్లో మేకుకి వేలాడుతోంది, వెలగదు.

ఇంకొక సంగతి అప్పుడే తెలిసింది. మే నెలలో ఆయన ఒడ్డున ఎందుకున్నాడు? చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి మరపడవల వేట మీద నిషేధం. ఇప్పుడది మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. ఇంజను లేని తెప్పలకి మాత్రం మినహాయింపు. అంటే మనం సెలవు అనుకునే రోజులే వాళ్లకి పని లేని రోజులు. మనం సరదాగా వెళ్లినప్పుడు వాళ్ల పొయ్యి మీద ఏముందో కూడా కొంచెం చూడాలి. ఎండుచేపలు వాళ్ల దగ్గరే కొనండి, బేరం ఎక్కువ ఆడకండి. పేరుపెట్టి పలకరించండి.

చివరగా నాలుగు మాటలు. లైఫ్‌గార్డులున్న చోటే దిగండి. లేని చోట ముందు పల్లెవాళ్లని అడగండి, వాళ్లు వద్దంటే వద్దే. నీళ్లలో ఉన్న పిల్లలకి ఒక పెద్దవాణ్ణి సెంట్రీ పెట్టండి, వాడి చేతిలో ఫోను ఉండకూడదు. క్యాంటీన్ సరుకు పుచ్చుకున్నవారు ఆ రోజుకి నీళ్లు ముట్టకండి. నవ్వుతున్నారు, నవ్వండి, కాని మానండి.

వచ్చే మేలో అయిదారు కుటుంబాలు కలిసి ఒకే బోగీలో వెళదామని నా ప్రతిపాదన. పేర్లు ఇవ్వదలచినవారు భోజనాల దగ్గర నాకు చెప్పండి. మా అబ్బాయి కూడా వస్తానన్నాడు. ఇప్పుడు వాడు ఉద్యోగస్తుడు. రేవుకి వెళితే వాడు ముందు నీళ్లలో దిగడు. పావుగంట నిలబడి చూసి, ముక్కూ మొహం తెలియనివాళ్లని కూడా "అక్కడ దిగకండి, ఇటు రండి" అని కేకలేస్తాడు. గొంతు నాదే వచ్చింది.

సెలవు. జై హింద్.