తమ్ముడికి పద్దెనిమిదేళ్లు నిండిన రోజు

ఈ ఎపిసోడ్‌లో మా ఇంటి సంగతే చెప్తాను. మా తమ్ముడికి ఆటిజం, దాంతోపాటు మేధోపరమైన వైకల్యం కూడా ఉంది. పాల ప్యాకెట్లు లెక్కపెట్టి ఫ్రిజ్‌లో పెడతాడు. ఒకటి తగ్గితే ఇల్లంతా వెతుకుతాడు. మాటలు మాత్రం చాలా తక్కువ.

వాడికి పద్దెనిమిది నిండాక అమ్మా నేనూ బ్యాంకుకి వెళ్లాం. మైనర్ అకౌంట్ మార్పించాలని. అక్కడి సార్, "మీ అబ్బాయి ఇప్పుడు మేజర్ అండీ. గార్డియన్ సర్టిఫికెట్ తెచ్చారా?" అన్నారు. అమ్మకి అర్థం కాలేదు. "నేను కన్నతల్లినండీ, నాకు కాగితం ఎందుకు?" అంది. ఆయన తప్పేం లేదు. పద్దెనిమిది దాటితే చట్టం ముందు ఎవరైనా మేజరే, అమ్మానాన్నలు వాళ్లంతట వాళ్లే గార్డియన్లుగా కొనసాగరు. ఈ ముక్క మాకు అన్నేళ్లలో ఒక్కరూ చెప్పలేదు. అందుకే మీకు చెప్తున్నా.

1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధోపరమైన వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్ల కోసం. దాని కింద జిల్లాల్లో లోకల్ లెవెల్ కమిటీ ఉంటుంది. అందులో జిల్లా కలెక్టర్, ఒక రిజిస్టర్డ్ సంస్థ ప్రతినిధి, వైకల్యం ఉన్న వ్యక్తి ఒకరు ఉంటారు. తల్లిదండ్రులుగానీ బంధువులుగానీ అక్కడ దరఖాస్తు పెట్టుకోవాలి. అసలు గార్డియన్ అవసరమా, అవసరమైతే ఏయే పనులకి అన్నది కమిటీ చూస్తుంది. అంటే వాడి జీవితం మొత్తం మన చేతుల్లోకి వచ్చేసినట్టు కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం కూడా గార్డియన్ ఆ మనిషితో కలిసే నిర్ణయం తీసుకోవాలంటుంది. ఏ చొక్కా వేసుకోవాలో మా వాడికి బాగా తెలుసు, నీలం తప్ప ఇంకోటి ముట్టడు. ఆ నిర్ణయం ఎప్పటికీ వాడిదే.

ఇప్పుడు అసలు విషయం. దరఖాస్తు రాస్తుంటే అమ్మ, "నీ పేరు రాయి, మా తర్వాత నువ్వేగా" అంది. నా చేతిలో పెన్ను ఆగిపోయింది. తమ్ముడంటే ప్రాణం. కానీ నా ఉద్యోగం, నా పెళ్లి, రేపు నేనెక్కడుంటానో... అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. భయపడ్డందుకు సిగ్గేసింది కూడా. రెండ్రోజులు అమ్మతో సరిగా మాట్లాడలేదు. మూడో రోజు రాత్రి చెప్పేశాను: "అమ్మా, వాణ్ణి వదలను. కానీ ఒక్కదాన్నే మోయలేను." అమ్మ కోప్పడలేదు. "నేనూ ఇన్నేళ్లూ ఒక్కదాన్నే మోశానే" అంది. అంతే, ఇద్దరం ఏడ్చేశాం.

ఇప్పటికి అమ్మ పేరుతోనే దరఖాస్తు పెట్టాం. మా బాబాయినీ, పిన్నినీ కూర్చోబెట్టి మాట్లాడాం. నెలకో ఆదివారం తమ్ముడు వాళ్లింట్లో ఉంటున్నాడు. మొదటిసారి గంటకే వచ్చేశాడు. ఇప్పుడు రాత్రి కూడా ఉంటున్నాడు. "మా తర్వాత ఎవరు" అన్న ప్రశ్నకి జవాబు ఒక్క మనిషి కాదని మాకు అలా తెలిసింది.

మీ ఇంట్లోగానీ పక్కింట్లోగానీ ఇలాంటి పిల్లలుంటే, మీ ఫోన్‌తోనే చాలా చేయొచ్చు. సదరం సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు ఉన్నాయా అని అడగండి. లేకపోతే దరఖాస్తు చేయడంలో సాయం పట్టండి. నిరామయ అని నేషనల్ ట్రస్ట్ ఆరోగ్య బీమా ఉంది, ఏడాదికి లక్ష రూపాయల వరకు. థెరపీ ఖర్చులు కూడా అందులో వస్తాయి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి నడుస్తున్న జాతీయ సంస్థ ఉంది. ఇప్పుడు దాన్ని ఎన్ఐఈపీఐడీ అంటున్నారు. పరీక్షలకీ, తల్లిదండ్రుల శిక్షణకీ అక్కడికి వెళ్లొచ్చు. చిన్న పిల్లలైతే మండలంలో భవిత కేంద్రం ఎక్కడుందో బళ్లో కనుక్కోండి.

ఇంకొక్కటి. పెళ్లిళ్లలో మా వాణ్ణి చూసి "ఏం తింటాడు?" అని మమ్మల్ని అడుగుతారు. వాణ్ణే అడగండి. అడిగి కాసేపు ఆగండి. జవాబు ఆలస్యంగా వస్తుంది, కానీ వస్తుంది. మొన్న ఒక పెళ్లిలో వడ్డించే అబ్బాయి అలాగే ఆగాడు. మా వాడు వేలు చూపించి "గారె" అన్నాడు. అమ్మ ఆ మాట ఊరంతా చెప్పుకుంది.

మీ ఇంట్లో పదిహేడేళ్ల తమ్ముడో చెల్లో ఉంటే, ఈ వీడియో ఇవాళే అమ్మానాన్నలకి చూపించండి. ఉంటాను మరి.