మొగమునకు స్వరాజ్యము

(చందూరు గ్రామమున స్త్రీపురుషులు కూడిన సభలో చేసిన ఉపన్యాసము)



భూమి తగవులను గూర్చియో, పౌరహక్కులను గూర్చియో మాటాడవలసిన న్యాయవాదులు మొగమునకు పూయు లేపనములను గూర్చి మాటాడుట కొందఱికి వింతగా దోచవచ్చును. కాని యీ సంగతి చిన్నది కాదు. నిజామాబాదు, బోధను పట్టణముల కంగన్‌హాళ్ళయందును, మెడికల్ షాపులయందును అమ్ముడగు చిన్న గొట్టములలో మన కష్టార్జితమును, మన ఆడుబిడ్డల ఆరోగ్యమును, మన ఆత్మగౌరవమును మూడును చిక్కుకొని యున్నవి. వీనిని విడిపించుకొను మార్గమును మీతో కలసి యోచించుటకే మేమిచటికి వచ్చితిమి.

మొదట ధనము సంగతి. మన స్త్రీలు విదేశపు అలంకారసామగ్రికై వెచ్చించుటవలన దేశముయొక్క మారకద్రవ్యము తఱిగిపోవుచున్నదని నెహ్రూ చింతించి, అట్టి సామగ్రిని స్వదేశముననే తయారు చేయుటకు ప్రోత్సహింపగా, 1952లో టాటాలు లాక్మే సంస్థను స్థాపించిరి. ఆ పేరు ఒక ఫ్రెంచి సంగీతనాటకమునుండి గైకొన్నది. దానికి మూలము మన లక్ష్మీనామమే. 1998 నాటికి ఆ లక్ష్మి హిందూస్థాన్ లీవరు వశమయ్యెను. 1975లో ఫెయిర్ అండ్ లవ్లీ యను లేపనమును ప్రవేశపెట్టినదియు నా సంస్థయే. దాని తల్లిసంస్థకు కేంద్రము లండన్ నగరము. స్వరాజ్యము వచ్చిన యైదేండ్లకు పుట్టిన స్వదేశీ ప్రయత్నము, స్వరాజ్య స్వర్ణోత్సవము ముగియునప్పటికే పరహస్తగతమైనది.

1991లో విదేశ వాణిజ్యమునకు మనము ద్వారములు తెఱచితిమి. 1994లో సుస్మితా సేన్ విశ్వసుందరిగను, ఐశ్వర్యా రాయ్ ప్రపంచసుందరిగను కిరీటములు ధరించిరి. 2025 మే 31వ తేదీన ప్రపంచసుందరి పోటీలకు తుదిఘట్టము మన హైదరాబాదుననే జరిగినది. ఆ యువతుల ధైర్యమును, విద్యను మేము తక్కువ చేయము. అయితే కిరీటము వెంట వర్తకుడును నడచివచ్చునని మఱువరాదు. తెరమీద మెచ్చుకొన్న మొగమే కొలదినాళ్ళకు డబ్బామీద కనబడును. ఆ డబ్బాకు వెల యిచ్చునది వరినాట్లు వేసియు, బీడీలు చుట్టియు సంపాదించిన కూలి. బోధను శక్కరునగరులో 1937లో నెలకొల్పిన నిజాము చక్కెర కర్మాగారము 2015లో మూతపడినది. చెఱకు సొమ్ము చేతికి రాని యిండ్లలో ప్రతి రూపాయికిని లెక్క కలదు.

ధనము పోయిన మరల సంపాదింపవచ్చును. ఆరోగ్యము మాట యట్లు కాదు. రంగు తెచ్చునని చెప్పి యమ్ము లేపనములలో కొన్నింట క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్ వంటి స్టెరాయిడు మందులుండును. ఇవి చర్మవ్యాధులకు వైద్యుడు కొలదిదినములకు మాత్రమే వ్రాయు మందులు. వీనిని మొగమునకు నెలలతరబడి పూసినచో మొదట మెఱుపు వచ్చినట్లే యుండును. పిమ్మట చర్మము పలుచనగును, ఎఱ్ఱని నరములు పైకి తేలును, మొటిమలును వెండ్రుకలును మొలచును. మాని వేయుదమన్న మంట రేగును. ఆ మంటకు భయపడి మరల అదే గొట్టమును కొందురు. కల్లు దుకాణమునకు అలవాటుపడినవాని స్థితికిని దీనికిని భేద మేమి?

పాదరసము కలిపిన లేపనములు మఱింత హానికరములు. చర్మమునకు వన్నె నిచ్చు సహజద్రవ్యము తయారుకాకుండ పాదరసము అడ్డగించును; అడ్డగించి యూరకుండక రక్తమున చేరి మూత్రపిండములను చెఱచును. కేరళమున మలప్పురము జిల్లాలోని వైద్యులు 2021 మొదలు 2023 వఱకు ఒక విధమగు మూత్రపిండవ్యాధిని పరిశీలింపగా, ఆ విధమున వ్యాధిగ్రస్తులైన 15 మందిలో 13 మంది రంగు లేపనములు వాడినవారని తేలినది. తెల్లబడుటకై గ్లూటాథయాన్ సూదిమందు పొడిపించుకొనువారును కలరు. ఈ పనిని గూర్చి ఫిలిప్పీన్సు, అమెరికా దేశముల ఔషధశాఖలు ప్రజలను హెచ్చరించినవి. 2015 జూన్‌లో తెలుగు ప్రేక్షకులకు ప్రియమైన నటి ఆర్తీ అగర్వాల్ 31 ఏండ్ల వయసుననే అమెరికాలో మరణించినది. అంతకు కొలదివారములకు ముందు ఆమె కొవ్వు తీయించుకొను శస్త్రచికిత్స పొందెనని పత్రికలు వ్రాసినవి. మరణకారణమును నిర్ణయించుట మా పని గాదు. అందమునకై శస్త్రచికిత్స యనునది తల దువ్వుకొనుట వంటిది కాదని మాత్రము చెప్పుదుము.

ఇట్టి వానికి చట్టము లేదా యని మీరడుగవచ్చును. కలదు. 1940 నాటి ఔషధ, సౌందర్యసాధనముల చట్టము నేటికిని అమలులో నున్నది. 2020లో వచ్చిన సౌందర్యసాధనముల నిబంధనలు పాదరసముతో వీనిని తయారు చేయరాదనియు, కంటికి వాడునవి గాక తక్కినవానిలో తెలియక చేరినదైనను పది లక్షల పాళ్ళలో ఒక పాలు మించరాదనియు శాసించినవి. 2018 మార్చిలో కేంద్రప్రభుత్వము 14 స్టెరాయిడు లేపనములను షెడ్యూల్ హెచ్‌లో చేర్చినది. అనగా వైద్యుని చీటీ లేక వానిని అమ్ముట నేరము. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము 21వ విభాగము ప్రకారము, తప్పుదారి పట్టించు ప్రకటనలో నటించిన ప్రసిద్ధులకు సైతము మొదటిసారి 10 లక్షల రూపాయల వఱకు, మరల చేసినచో 50 లక్షల వఱకు జరిమానా విధింపవచ్చును.

అయినను ఫిర్యాదు చేయువాడు లేనిచో చట్టము పుస్తకముననే నిదురించును. కావున మీరు చేయవలసినది చెప్పుచున్నాము. లేపనము కొనునపుడు తయారుచేసినవాని పేరు, చిరునామా, లైసెన్సు సంఖ్య, బ్యాచి సంఖ్య, వాడుటకు గడువు అను నైదింటిని చదువుడు. విదేశపు సరకైనచో దిగుమతిదారుని పేరును వెదకుడు. ఇవి లేని డబ్బాను ఎవరిచ్చినను తాకవలదు. ఎఱ్ఱగీత యున్న మందును చీటీ లేక అడుగవలదు. కొన్నదానికి బిల్లు తీసికొనుడు. మోసము జరిగినచో 1915 సంఖ్యకు ఫోను చేయుడు; నిజామాబాదులో జిల్లా వినియోగదారుల కమిషను కలదు. చదువురాని అత్తకు చదివిన కోడలు, తల్లికి కూతురు డబ్బాపై అక్షరములను చదివి వినిపించినను గొప్ప దేశసేవయే.

రసాయనములను మాని మన పసుపును పూసికొనుడని మేము చెప్పుదుమని మీరెదురుచూచుచుండవచ్చును. పసుపు మనకు గర్వకారణమే. పుండు మాన్పుటకు పసుపు వాడుక తమదని 1995లో అమెరికాలో కొందఱు పేటెంటు పొందగా, మన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి ప్రాచీన గ్రంథముల సాక్ష్యము చూపి పోరాడి 1997లో దానిని రద్దు చేయించెను. 2025లో జాతీయ పసుపు బోర్డు నిజామాబాదున నెలకొన్నది. నలుగు పెట్టుట మన వేడుక. దానిని మానవలసిన పని లేదు. కాని పసుపు నల్లనివారిని తెల్లగా జేయునని చెప్పినచో మేమును ఆ వర్తకుల పంక్తిలోనే కూర్చుందుము. నలుపు వ్యాధి కాదు. వ్యాధి కానిదానికి మందు విదేశముదైన నేమి, స్వదేశముదైన నేమి?

2020లో, అమెరికాలో నల్లవారి యాందోళనము ప్రపంచమంతట ప్రతిధ్వనించిన వేళ, ఫెయిర్ అండ్ లవ్లీ తన పేరును గ్లో అండ్ లవ్లీగా మార్చుకొనెను. డబ్బాపై పేరు మాఱినది. మన నోట మాట మాఱినదా? 2017లో వచ్చిన ఫిదా చిత్రమున మన పొరుగు బాన్సువాడ పిల్లగా, మన యాసలో మాటాడిన సాయిపల్లవిని మీరందఱును మెచ్చుకొంటిరి. రంగు లేపనపు ప్రకటనకు వచ్చిన పెద్ద బేరమును ఆమె కాదన్న సంగతి 2019లో దేశమున వెల్లడి యయ్యెను. ఇది మన దేశపు వర్ణమనియు, దీనిలో తక్కువ యేమియు లేదనియు ఆమె వాదము. తెరమీది పిల్లకు చప్పట్లు కొట్టిన మనమే పెండ్లిచూపులలో ఏమనుచున్నాము? పిల్ల మంచిది, చదువుకొన్నది, రంగే కొంచెము తక్కువ యందుము. ఆ కొంచెమునకు వెల కట్టి కట్నమున కలుపుదుము. కట్నము అడుగుట 1961 నుండి నేరము. రంగునకు కట్నము అడుగుట నేరముపై అవమానము.

అయ్యలారా, వర్తకుడు మందు మాత్రమే అమ్మును. ఆ మందు కావలెనను దిగులును పుట్టించుచున్నది మన యింటి చావడి. ద్రౌపదికి కృష్ణ యను పేరు ఆమె నల్లని మేనిఛాయ వలననే వచ్చినది. నల్లనయ్యను గుడిలో కొలిచి, నల్లపిల్లను గడపలో నిలిపి పరీక్షించుట యే ధర్మము? ఎండలో నాట్లు వేసి యింటిల్లిపాదికి అన్నము పెట్టిన తల్లి మేనిఛాయను కూతురిలో చూచి సిగ్గుపడుట కన్న కృతఘ్నత వేఱొకటి లేదు.

అలంకరించుకొనవలదని మేమనము. కాటుక, బొట్టు, పూలు, ఇష్టమైనచో పెదవులకు రంగు, ఎవరి యిచ్చ వారిది. సంతోషమునకై చేసికొను అలంకారము వేఱు. భయమునకై చేసికొను చికిత్స వేఱు. మాఘమాసపు ముహూర్తములు వచ్చులోపల ప్రతి గడపయు రెండు నియమములు పెట్టుకొనవలెనని ప్రార్థించుచున్నాము: పేరూరు లేని లేపనము మా యింట అడుగు పెట్టదు, పిల్లను చూడబోయినచోట రంగు మాట మా నోట రాదు. మొదటిదానికి చట్టము తోడుండును. రెండవదానికి మీరే తోడు.